వంశంలో నోటి క్యాన్సర్ ఉంటే జన్యు పరీక్ష చేయించుకోవాలా?

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర పల్లె. మా నాన్నగారు 56 ఏళ్ళకి బుగ్గ క్యాన్సర్‌తో పోయారు. పాతికేళ్ళు ఖైనీ దవడలో పెట్టుకునేవారు. ఇప్పుడు మా మేనత్తకి అంగిట్లో పుండు లేచి, ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది. ఆవిడకి చిన్నప్పటినుంచీ అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు. నాన్న రిపోర్టులో 'టీపీ53 మ్యుటేషన్' అని ఉంది. ఒక ల్యాబు మనిషి ఇంటికొచ్చి, ఉమ్మి ఇస్తే చాలు, నోటి క్యాన్సర్ ఎవరికి వస్తుందో జన్యువులు చూసి చెప్పేస్తాం, మనిషికి 18 వేలు అంటున్నాడు. మా తమ్ముడికి 27, వాడూ ఖైనీ వేస్తాడు. చెల్లెల్ని మేనత్తగారి అబ్బాయికే ఇవ్వాలని పెద్దవాళ్ళు ఎప్పటినుంచో అనుకుంటున్నారు. రెండువైపులా క్యాన్సర్ ఉంది కదా, పుట్టే పిల్లలకి రెట్టింపు వస్తుందేమోనని అమ్మ భయం. మా ముగ్గురికీ పరీక్ష చేయించమంటారా?
ఒక పాఠకురాలు, సఖినేటిపల్లి మండలం

సమాధానం: ఆ 54 వేలూ ఖర్చు పెట్టకండమ్మా. మీ ముగ్గురిలో ఎవరికి నోటి క్యాన్సర్ వస్తుందో, ఎవరికి రాదో ఉమ్మి చూసి తేల్చే పరీక్ష ఏదీ లేదు. అలాగని ఈ జబ్బుకీ జన్యువులకీ సంబంధం లేదని కాదు. ఉంది. ఆ సంబంధం ఎంతవరకో తెలిస్తే మీ ఇంట్లో ఎవరి విషయంలో ఏం చేయాలో తేలుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు నాన్నగారి రిపోర్టు సంగతి. టీపీ53 మన కణాలన్నిటిలో ఉండే జన్యువే. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణం రెండుగా చీలకుండా ఆపడం, బాగుపడేదైతే బాగుపడనివ్వడం, కాకపోతే ఆ కణాన్ని చంపేయడం దాని పని. పొగాకు విషాలు ఏళ్ళ తరబడి తగిలిన చోట ఈ జన్యువే పాడవుతుంది. నోటి క్యాన్సర్ గడ్డల్లో అన్నిటికంటే తరచుగా కనబడే మార్పు ఇదే. అయితే ఆ మార్పు దాదాపుగా నాన్నగారికి పుట్టుకతో వచ్చింది అయి ఉండదు, ఆ బుగ్గలో, ఆ గడ్డలో పుట్టిందే అయి ఉంటుంది. అలా గడ్డలో పుట్టింది గడ్డతోపాటే ఉంటుంది గానీ పిల్లలకి దిగదు. రిపోర్టు మళ్ళీ ఒకసారి తీసి, నమూనా దేనినుంచి తీశారో చూడండి. 'టిష్యూ' అనో 'పారఫిన్ బ్లాక్' అనో ఉంటే అది గడ్డ ముక్క. రక్తం తీసి పరీక్షించి, 'జెర్మ్‌లైన్' అని రాసి ఉంటేనే వంశపారంపర్యమన్న ప్రశ్న వస్తుంది. పుట్టుకతోనే టీపీ53 లోపం ఉన్న కుటుంబాలు చాలా అరుదు. వాళ్ళలో చిన్నతనంలోనే ఎముకల, కండరాల క్యాన్సర్లు, మెదడు గడ్డలు, వయసు మీద పడకముందే రొమ్ము క్యాన్సర్లు కనిపిస్తాయి. మీ ఉత్తరంలో అలాంటివేవీ లేవు.

ఇక నిజంగా పుట్టుకతో వచ్చే తేడాలు. చుట్ట పొగలో బెంజోపైరీన్ అనే పదార్థం ఉంటుంది. ఒంట్లోకి వెళ్ళినప్పుడు ఉన్న రూపంలో అది డీఎన్‌ఏని పెద్దగా అంటుకోదు. సీవైపీ1ఏ1 అనే ఎంజైమ్ దాన్ని వదిలించుకునే పనిలో మొదట ఇంకా చురుకైన రూపంలోకి మారుస్తుంది. డీఎన్‌ఏకి అతుక్కునేది ఆ రూపమే. అప్పుడు జీఎస్‌టీఎం1 లాంటి ఎంజైమ్‌లు దాన్ని కణాల్లో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థంతో కలిపి, నీళ్ళలో కరిగేలా చేసి బయటికి పంపేస్తాయి. ఖైనీ దారి వేరు. ఆకుని ఎండబెట్టి, మగ్గబెట్టి, నిల్వ చేసేటప్పుడు అందులో నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు తయారవుతాయి. వాటిని చురుకు చేసేవి సీవైపీ2ఏ6 లాంటి వేరే ఎంజైమ్‌లు. నలిపేటప్పుడు కలిపే సున్నం నికోటిన్‌ని విడగొట్టి త్వరగా ఎక్కిస్తుంది, బుగ్గ పొరని కొరికేస్తుంది. ఇక డీఎన్‌ఏకి తగిలిన దెబ్బని అతకడంలో ఎక్స్‌ఆర్‌సీసీ1 లాంటి మరికొన్ని జన్యువులకి చెయ్యి ఉంది.

ఇవన్నీ అందరిలో ఒకే తీరుగా పనిచేయవు. జీఎస్‌టీఎం1 అయితే కొందరిలో అసలు ఉండదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావలసిన రెండు ప్రతులూ లేకుండానే పుడతారు. రోజువారీ ఆరోగ్యంలో వాళ్ళకి ఏ తేడా తెలియదు. డెల్టాలో ఉన్నవాళ్ళు కనుక ఇలా అనుకోండి: జీఎస్‌టీఎం1 లేకపోవడమంటే చేలో ఒక మురుగుబోదె పూడిపోవడం. నీళ్ళు వదిలితే ఆ చేను పక్క చేను కంటే ముందు మునుగుతుంది. తూము మూసి ఉంచితే పూడిన బోదె వల్ల మునిగేదేమీ లేదు. ఇక్కడ తూము పొగాకు.

ఈ ఎంజైమ్ లేనివాళ్ళకి నోటి క్యాన్సర్ ముప్పు ఎంత ఎక్కువ? అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్ల దగ్గర తిరుగుతుంది. కొన్ని అధ్యయనాల్లో అదీ కనిపించలేదు. ఇంకో సంగతి చూడండి. యూరప్ మూలాలున్న జనంలో సుమారు సగం మందికి జీఎస్‌టీఎం1 లేదు. మన దేశంలో లేనివాళ్ళు అంతకంటే తక్కువే. అయినా నోటి క్యాన్సర్ బరువు మోస్తున్నది మనం. ప్రపంచం మొత్తంలో ఏటా వచ్చే కేసుల్లో దాదాపు మూడో వంతు మన దేశంలోనే. జన్యువే అసలు కారణమైతే ఈ లెక్క తారుమారు కావాలి.

"ఒకే కుటుంబంలో ఇద్దరికి వచ్చింది కదా" అంటారేమో. అనేక దేశాల అధ్యయనాలని కలిపి 2009లో ప్రచురించిన విశ్లేషణలో, తల్లిదండ్రుల్లోనో తోడబుట్టినవాళ్ళలోనో నోటి, గొంతు క్యాన్సర్ ఉంటే ముప్పు దాదాపు 1.7 రెట్లని తేలింది. కానీ పొగాకూ మద్యమూ ఎన్నడూ ముట్టనివాళ్ళలో ఆ పెరుగుదల కనిపించలేదు. కుటుంబ చరిత్రా ఉండి, పొగాకూ మద్యమూ రెండూ ఉన్నవాళ్ళలో మాత్రం ముప్పు ఏడు రెట్లు దాటింది. లంక పొగాకు పండే నేల మనది. చుట్ట ఇంట్లోనే చుట్టుకుంటారు, పిల్లలే నిప్పు అందిస్తారు. అలాంటి చోట నాన్న నుంచి కొడుక్కి జన్యువు కంటే ముందు అందేది పొగాకు డబ్బీ. మీ నాన్నగారికి ఖైనీ పెట్టుకున్న బుగ్గలోనే వచ్చింది, మీ మేనత్తకి నిప్పు తగిలిన అంగిట్లోనే వచ్చింది. ఒకే రక్తం వల్ల వచ్చి ఉంటే ఎవరి అలవాటు తగిలిన చోట వాళ్ళకి ఇంత కచ్చితంగా రాదు.

ల్యాబు రిపోర్టు ఎలా తప్పుదారి పట్టిస్తుందో కూడా చెప్పాలి. లెక్క కోసం, ఖైనీ వేసే వెయ్యి మందిలో జీవితకాలంలో 20 మందికి ఈ జబ్బు వస్తుందనుకుందాం (అంకె ఊహించి వేసుకున్నదే). మీ తమ్ముడికి 'ముప్పు 1.3 రెట్లు' అని కాగితం వస్తే, వెయ్యికి 20 బదులు 26 అని అర్థం. ఆ 26 మందిలో తను ఉన్నాడో లేడో కాగితం చెప్పదు. 'ముప్పు సాధారణం' అని వస్తే ఇంకా ప్రమాదం. "నా జన్యువులు గట్టివి" అని డబ్బీ వదలడు, ఆ వెయ్యిలోనూ 20 మంది ఉంటారన్నది మర్చిపోతాడు. పైగా ఇలాంటి పరీక్షలు చాలావరకు వేరే దేశాల జనం లెక్కలతో చేసినవి. మద్యాన్ని అరిగించే ఏఎల్‌డీహెచ్2 జన్యువులో ఒక లోపం తూర్పు ఆసియాలో చాలామందికి ఉంటుంది. మన దగ్గర అది బాగా అరుదు, దాన్ని వెతికి డబ్బు తీసుకోవడంలో అర్థం లేదు. అన్నిటికీ మించి, ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా చేయవలసింది ఒకటే: పొగాకు మానడం, నోరు చూపించుకోవడం.

అయితే జన్యు పరీక్ష నిజంగా అవసరమయ్యే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. పొగాకు, వక్క ఏదీ ముట్టని మనిషికి 20లలోనో 30లలోనో నోటి క్యాన్సర్ వస్తే ఊరుకోకూడదు. ఫాంకోనీ అనీమియా అనే జబ్బులో డీఎన్‌ఏ అతుకు పని పుట్టుకతోనే సరిగా ఉండదు. ఈ జబ్బున్నవాళ్ళకి నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు మామూలు జనం కంటే కొన్ని వందల రెట్లు. పొట్టిగా ఉండడం, బొటనవేలు సరిగా లేకపోవడం, ఒంటిమీద కాఫీరంగు మచ్చలు, రక్త కణాలు తగ్గిపోవడం దీని గుర్తులు. ఈ గుర్తులేవీ పైకి కనబడనివాళ్ళూ ఉంటారు. దీన్ని ఉమ్మితో చేసే మామూలు ప్యానెళ్ళతో కాదు, రక్తంలో క్రోమోజోములు ఎంత విరుగుతున్నాయో చూసే పరీక్షతో నిర్ధారిస్తారు. చికిత్సకి ముందే తెలియడం చాలా ముఖ్యం, ఎందుకంటే మామూలు మోతాదు కీమో, రేడియేషన్ వాళ్ళు తట్టుకోలేరు. గోళ్ళు చిట్లిపోయి, మెడమీద చర్మం వలలాగా నల్లబడి, చిన్న వయసులోనే నాలుక మీద తెల్లపొర ఉంటే డిస్‌కెరటోసిస్ కంజెనిటా అనే మరో అరుదైన జబ్బుని అనుమానిస్తారు. ఇలాంటి కేసులకి హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

చెల్లెలి పెళ్ళి విషయం ఇక్కడే చెప్పేయొచ్చు. ఫాంకోనీలో ఎక్కువ రకాలు, తల్లీ తండ్రీ ఇద్దరూ అదే లోపం మోస్తుంటేనే బిడ్డకి వస్తాయి. అలా మోసే జంటకి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఇద్దరికీ ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో అదే లోపం వచ్చే వీలు ఎక్కువ కనుక ఇలాంటి జబ్బులు మేనరికపు ఇళ్ళలో ఎక్కువగా బయటపడతాయి. మీ రెండు కుటుంబాల్లో చిన్నతనంలోనే రక్తం తగ్గిపోయి, మళ్ళీ మళ్ళీ ఎక్కించుకుని చనిపోయిన పిల్లలు ఉన్నారా అని పెద్దవాళ్ళని అడగండి. ఉంటే పెళ్ళికి ముందే జెనెటిక్స్ డాక్టర్ని కలవాలి. లేకపోతే నాన్న క్యాన్సర్, మేనత్త క్యాన్సర్ కలిసి పిల్లలకి రెట్టింపవడమంటూ ఉండదు. అమ్మగారికి ఆ భయం అక్కర్లేదు. మేనరికంలో పుట్టుకతో వచ్చే లోపాల అవకాశం మామూలు కంటే ఎక్కువన్న మాట నిజమే, ఆ సంగతి విడిగా ఆలోచించుకోవాలి, దానికీ ఈ క్యాన్సర్‌కీ ముడి పెట్టవద్దు. పెళ్ళికొడుకు గురించి మీరు అడిగి తీరవలసిన ప్రశ్న ఒకటుంది: అతను ఖైనీ, గుట్కా, పాన్ మసాలా వేస్తాడా?

మీ తమ్ముడి సంగతి చూడండి. ఈ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టింది అతనే. ఖైనీ ఎటువైపు పెడతాడో అడగండి. అద్దం ముందు, పగటి వెలుగులో, నోరు పుక్కిలించి, ముందు ఆ సందే చూడాలి: కింది చిగురుకీ బుగ్గకీ మధ్య, బుగ్గని వేలితో బాగా పక్కకి లాగి. అక్కడ చర్మం ముడతలు పడి, తెల్లగా, తోలులాగా మారి ఉంటే అది ఖైనీ గుర్తు. మానేస్తే కొన్ని వారాల్లో చాలావరకు మామూలవుతుంది. తుడిచినా పోని తెల్లమచ్చ, దానిలో ఎర్ర చుక్కలు, ముఖమల్‌లాంటి ఎర్రమచ్చ ఉంటే ఆలస్యం చేయకూడదు. ఎర్రది తెల్లదాని కంటే ప్రమాదం. తర్వాత రెండో బుగ్గ, పెదవుల లోపలి భాగం, నాలుక కొసని గుడ్డతో పట్టుకుని లాగి రెండు అంచులూ, నాలుక కింద, తల వెనక్కి వంచి అంగిలి. చూడడంతో సరిపెట్టకుండా వేలితో తడిమి చూడాలి, పుండు అంచు గట్టిగా తగిలితే అది మామూలు నోటిపూత కాదు. చివరికి దవడ కింద, మెడ రెండువైపులా బిళ్ళలు కట్టాయేమో చూసుకోవాలి. నెలకోసారి, పది నిమిషాల పని.

ఆవకాయ, మిరపకాయ బజ్జీ ముందులా తినలేక నోరు మండుతోందా? చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి ముందు పళ్ళ మధ్య దూర్చమనండి. మూడు వేళ్ళూ పట్టకపోతే బుగ్గ లోపల నార పేరుకుంటోందని అనుమానించాలి. దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ఇది ముఖ్యంగా వక్క వల్ల వస్తుంది. వక్కలోని అరెకోలిన్, రాగి రెండూ కలిసి బుగ్గలో నారని పెంచి గట్టిపరుస్తాయి. వక్క తినే అందరికీ ఇది రాదు, ఇక్కడా జన్యువుల తేడా ఉంది. కానీ వక్క తినకుండా ఇది వచ్చినవాళ్ళు లెక్కలోకి రానంత తక్కువ. చాలామంది ఖైనీ మానేసి "ఉత్త వక్కపొడే కదా" అని దానికి మారతారు. వక్క ఒక్కటే, పొగాకు లేకుండా కూడా, క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. ఖైనీకి బదులుగా వక్కపొడి, పాన్ మసాలా ఇవ్వకండి.

మానడానికి ఒక తేదీ పెట్టుకోమనండి. మొదటి మూడు రోజులు కష్టం. చిరాకు, నిద్రపట్టకపోవడం, తలనొప్పి సహజం, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. డాక్టరు సలహాతో నికోటిన్ గమ్ వాడొచ్చు: నిద్రలేచిన అరగంటలోపే మొదటి చిటికెడు వేసే మనిషికి 4 మిల్లీగ్రాములది, ఆ తర్వాతైతే 2 మిల్లీగ్రాములది. గమ్ పనిచేయలేదనేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని బబుల్‌గమ్‌లాగా నమిలి, ఎక్కిళ్ళూ కడుపులో మంటా వచ్చి వదిలేసినవాళ్ళే. ఘాటు తగిలేదాకా నాలుగుసార్లు మెల్లగా నమిలి, బుగ్గ పక్కన ఆనించి ఒక నిమిషం వదిలేయాలి, ఘాటు పోయాక మళ్ళీ నమలాలి. అలా అరగంట. దానికి ముందు పావుగంట టీ, కాఫీ, సోడా తాగితే మందు ఒంటికి పట్టదు. నోరు తెరుచుకోని మనిషికి గమ్ కంటే చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ మేలు. ఊసుపోక వేసుకునే వేళలు ఏవో ముందే రాసుకోవాలి. చెరువు దగ్గర రాత్రి కాపలా, వలకి వెళ్ళినప్పుడు, భోజనం అయ్యాక: ఆ మూడు వేళలకీ జేబులో ఏముంటుందో ముందే తేల్చుకున్నవాళ్ళు నిలబడతారు. క్విట్‌లైన్ 1800-112-356కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, సలహాదారు మాట్లాడతారు. పొగతాగడం మానినవాళ్ళలో నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు 1 నుంచి 4 ఏళ్ళలోనే మూడో వంతు దాకా తగ్గినట్టు పెద్ద విశ్లేషణలు చూపించాయి. ఇంత తగ్గించే జన్యు చికిత్స ఏదీ లేదు.

రెండు వారాలు దాటినా మానని పుండు, కారణం లేకుండా కదిలే పన్ను, పెదవి తిమ్మిరి, మింగేటప్పుడు చెవిలోకి లాగే నొప్పి: వీటిలో ఏది ఉన్నా ముక్క పరీక్షే. మన పల్లెల్లో ఎక్కువ ప్రాణాలు పోయేది ఇక్కడే. ఆర్‌ఎంపీ బీకాంప్లెక్స్ రాస్తారు, తగ్గకపోతే యాంటీబయోటిక్, తర్వాత పూతమందు, ఈలోగా మూడు నెలలు. పదునైన పన్ను గీసుకుని అయిన పుండైతే ఆ పన్ను అరగదీశాక రెండు వారాల్లో మానాలి, మానకపోతే అది గీసుకున్న పుండు కాదు. కత్తి తగిలితే పాకుతుందన్న భయం వద్దు, ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు. తిమ్మిరి సూది వేసి, పుండు అంచు నుంచి చిన్న ముక్క తీస్తారు. నడిమధ్య చచ్చిన కండ తీస్తే రిపోర్టు తేలక మళ్ళీ తీయాల్సి వస్తుంది. భీమవరం, రాజమహేంద్రవరం దంత కళాశాలల్లో, కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి ఈఎన్‌టీ విభాగంలో చూపించుకోవచ్చు. మీ ఆరోగ్య ఉపకేంద్రంలో 30 ఏళ్ళు దాటినవాళ్ళకి నోరు చూసే కార్యక్రమం ఉంది. తమ్ముడికి ఇంకా 30 రాలేదు గనక వాళ్ళంతట వాళ్ళు పిలవరు, అతనే వెళ్ళి అడగాలి. కేరళలో తిరువనంతపురం దగ్గర 1996లో మొదలైన పెద్ద అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు టార్చిలైటుతో నోరు చూసినందువల్లే పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. అందులో జన్యు పరీక్ష ఏదీ లేదు.

మేనత్తగారి ఈడు ఆడవాళ్ళు మీ ఇంట్లో, చుట్టుపక్కల ఇంకా ఉంటారు. అడ్డపొగ తాగేవాళ్ళకి అంగిలి అంతా తెల్లబడి మధ్యమధ్య ఎర్ర చుక్కలు లేస్తాయి, నొప్పి ఉండదు. కట్టుడు పళ్ళ ప్లేటు ఉంటే దాని కింద దాక్కుంటుంది, తీయించి చూడండి. ఆడవాళ్ళు పరాయివాళ్ళ ముందు ఈ అలవాటు ఒప్పుకోరు, మీరే పక్కన కూర్చుని అడగాలి.

మేనత్తగారికి చికిత్స మొదలుపెట్టడంలో జాప్యం వద్దు, ఈలోగా పసర్లు వేయించవద్దు. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్యసేవలో క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్, కీమో ఉన్నాయి, కార్డు సంగతి 104కి అడగండి. రేడియేషన్ ఇవ్వాలంటే పుచ్చిపోయిన పళ్ళు దానికి కనీసం రెండు వారాల ముందే తీయించాలి. తర్వాత తీస్తే దవడ ఎముక మానక కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌లో అంగిట్లో రంధ్రం పడితే మాట, మింగడం కోసం ప్లేటు అమరుస్తారు, దాని కొలత ఆపరేషన్‌కి ముందే దంతవైద్యుడు తీసుకోవాలి. చుట్ట ఈ రోజే ఆపించండి, తాగుతూ ఉంటే రేడియేషన్ సరిగా పనిచేయదు. వెళ్ళేటప్పుడు ముక్క పరీక్ష రిపోర్టుతోపాటు స్లైడ్లూ, మైనపు బ్లాకూ ఆస్పత్రిలో అడిగి తీసుకెళ్ళండి. అవి లేకపోతే అక్కడ మళ్ళీ ముక్క తీసి, మరో వారం ఆగమంటారు.